సమస్వర పథకమూ, మా అమ్మమ్మ బాతులూ

గుర్రాన్నీ, కుక్కనీ, ‘రావడం’ అనే పనినీ ఒకే ఒక్క అక్షరంతో చెప్పే దేశం ఒకటుందని మా బడిలో అందరికన్నా ముందు తెలిసినవారు హెడ్మాస్టారు వైకుంఠరావు గారు. ఆయనకు అది మెమో ద్వారా తెలిసింది. మెమో ద్వారా తెలిసిన దేన్నీ ఆయన అనుమానించరు.

ఆ మెమో వెనకే జీపు వచ్చింది. జీపులోంచి డాక్టర్ చిదంబరేశ్వర్ గారు దిగారు. ఆయన రాష్ట్ర స్వర క్రమబద్ధీకరణ సంస్థకు సంయుక్త సంచాలకులు. రెండు వారాలు థాయిలాండులో శిక్షణ పొంది వచ్చారు. ఆయన వెనక ఆపరేటరు శాంభవి గారు ఒక పెట్టె మోసుకుంటూ దిగారు. పెట్టెకు తెర ఉంది. తెరకు తీగలు ఉన్నాయి. తీగల చివర రబ్బరు టోపీ ఉంది.

మమ్మల్నందరినీ ఎండలో నిలబెట్టారు. ఊళ్లోవాళ్లు గోడవతల నిలబడ్డారు. సంచాలకులు గారు మైకు అందుకున్నారు.

“ప్రియమైన బాలబాలికలారా, థాయి భాషయందు ‘మా’ అను శబ్దమును సమముగా పలికిన ‘వచ్చుట’. ఎత్తుగా పలికిన ‘గుర్రము’. కిందినుండి పైకి లేపి పలికిన ‘కుక్క’. అక్కడి పౌరుని మెదడు ఈ హెచ్చుతగ్గులను అధికముగా ఎడమ భాగమున, అనగా మాటలుండు చోట, స్వీకరించును. అవే హెచ్చుతగ్గులు మనబోటి వారి చెవిన పడినచో కుడి భాగమునకు, అనగా పాటలు, ఏడుపులు, అలకలు ఉండు చోటికి పోవును. గమనించితిరా?”

మేం గమనించాం. అక్కడిదాకా నాకు బాగా నచ్చింది కూడా. ఒకే పిలుపు ఒకరి తలలో మాటగానూ ఇంకొకరి తలలో పాటగానూ మారిపోతుందంటే ఆశ్చర్యంగా అనిపించింది. ఆయన అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

“ఇప్పుడు మన సంగతి. మన పౌరుడు ‘అన్నం’ అను పదమును ఎంత సాగదీసినను, ఎంత ఎత్తినను, అది అన్నమే. గుర్రము కాజాలదు. అనగా మన హెచ్చుతగ్గులకు అర్థము లేదు. అర్థము లేనిది వృథా. వృథాను అరికట్టుట ప్రభుత్వ బాధ్యత. సర్వే ప్రకారము జిల్లాలో అత్యధిక సాగదీత నమోదైన గ్రామము మీ ఏటొడ్డువలస!”

గోడవతల చప్పట్లు మోగాయి. మా ఊరు జిల్లాలో దేనిలోనైనా మొదటి స్థానంలోకి రావడం అదే తొలిసారి.

ఆ రోజు నుంచి సమస్వర పథకం అమలైంది. స్వరాలు ఐదు: సమం, మంద్రం, అవరోహం, ఉచ్చం, ఆరోహం. థాయి వాళ్లకీ ఐదే కాబట్టి మనకీ ఐదే అన్నారు. సమస్వరం ప్రజలకు ఉచితం. మిగతా నాలుగూ ప్రభుత్వ ఆధీనంలో ఉంటాయి. కావలసినవారు కారణం చూపి అనుమతి పొందాలి.

ప్రశ్న అడగాలంటే గొంతు చివర పైకి లేవాలి కదా, అది ఆరోహం. కాబట్టి లెక్కల క్లాసులో సందేహం వచ్చినవాళ్లు ముందు హెడ్మాస్టారి దగ్గర ఆరోహానికి అనుమతి తెచ్చుకోవాలి. అనుమతి వచ్చేసరికి లెక్క అయిపోయేది, ఒక్కోసారి పాఠమే అయిపోయేది. వారం తిరిగేసరికి బడిలో ఎవరికీ సందేహాలు లేవు. సందేహాలు సున్నాకు చేరినందున విద్యార్థుల అవగాహన పూర్తి స్థాయికి చేరినట్లు హెడ్మాస్టారు నివేదిక పంపారు. దానికి సంస్థ నుంచి అభినందన వచ్చింది. ఆయన దాన్ని మాకు సమస్వరంలో చదివి వినిపించారు. మేం సమస్వరంలో సంతోషించాం.

బడి తర్వాత ఊరి వంతు. బస్సు కండక్టరు “బస్సు కదులుతోంది ఎక్కేవారు ఎక్కండి” అని వార్తలు చదివినట్టు చెబితే సగం మంది కిందే ఉండిపోయారు. పొలంలో సన్యాసప్పడు మామకి కాలి బొటనవేలి మీద తేలు కుట్టింది. ఆయన గట్టుమీదికి వచ్చి, “నన్ను తేలు కుట్టింది,” అన్నాడు. పక్క పొలంవాళ్లు, “సరే,” అని నాట్లు వేసుకున్నారు. ఆయన ఇంకొక మారు అదే స్వరంలో అదే మాట చెప్పి కూలబడ్డాక గానీ వాళ్లకు అనుమానం రాలేదు.

అన్నింటికన్నా కష్టం మా అమ్మమ్మకొచ్చింది.

మా అమ్మమ్మ పేరు తవిటమ్మ. అమ్మా నాన్నా ఇటుకబట్టీ పనికి వెళ్లినన్నాళ్లూ నేను అమ్మమ్మ దగ్గరే ఉంటాను. అమ్మమ్మకి బాతులు ఉన్నాయి. పొద్దున్న అవి ఏట్లోకి వెళతాయి. సాయంత్రం అమ్మమ్మ రేవులో నిలబడి “దా దా దాఆఆ” అని తీస్తుంది. ఆ రాగం ఏటి అవతలి ఒడ్డుకు తగిలి తిరిగొచ్చేలోపు బాతులు బారు కట్టేస్తాయి. పథకం వచ్చిన సాయంత్రం సంచాలకులు గారు పక్కన నిలబడి ఉండగా అమ్మమ్మ, “దా. దా. దా,” అంది. బాతులు ఒక్కసారి తలెత్తి చూసి, ఎవరినో పిలుస్తున్నారనుకుని, ముందుకు ఈదుకుంటూ పోయాయి.

“బాబూ, అవి రాటం నేదు,” అంది అమ్మమ్మ.

“బాతులు పథకము పరిధిలోకి రావు,” అన్నారు సంచాలకులు గారు.

“అవి నా పరిధిలోకీ రాటం నేదు బాబూ. నక్క తినీసిందంటే మీరిస్తారేటి?”

“అమ్మా, మీరు ఇప్పుడు ఆరోహము వినియోగించితిరి. అనుమతి ఉన్నదా?”

“మీరూ ఇప్పుడు అదే కదేటి తీసేరు!”

“నాకు హోదా రీత్యా మినహాయింపు కలదు.”

అప్పటినుంచి బాతులు అవతలి ఒడ్డున జమ్ములో ఉండిపోయాయి. అమ్మమ్మ రోజూ రేవుకు వెళ్లి చూసి వచ్చేది.

తర్వాత టోపీ పరీక్షలు మొదలయ్యాయి. టోపీ పెట్టుకుని ‘నా పేరు ఫలానా, మాది ఏటొడ్డువలస’ అని చెప్పాలి. మాట మాటగా ఉంటే తెర మీద ఎడమ పక్క పచ్చగా వెలుగుతుంది. రాగం తోడైతే కుడి పక్క ఎర్రగా వెలుగుతుంది. ఎరుపును ‘భావ స్రావం’ అంటారు. మా ఊళ్లో ‘మాది’ అనే మాట దగ్గరే అందరికీ ఎర్రబడిపోయేది. మా క్లాసు లీడరు సుభాషిణికి తన పేరు దగ్గరే ఎర్రబడింది.

నా వంతు వచ్చింది.

నా గొంతు సంగతి చెప్పాలి. నాకు పదిమందిలో మాట్లాడాలంటే భయం. మాట బయటికి వస్తే సన్నగా, తిన్నగా, దారప్పోగులా వస్తుంది. ఐదో తరగతి నుంచీ మాస్టార్లందరూ “గట్టిగా చదవవే” అని విసుక్కునేవారు. బడి వార్షికోత్సవంలో నన్ను చెట్టు వేషానికి పెట్టారు. చెట్టుకు మాటలుండవని.

“నా పేరు హైమావతి. మాది ఏటొడ్డువలస,” అన్నాను.

తెర పచ్చగా ఉండిపోయింది. కుడివైపు ఒక్క చుక్క ఎరుపు లేదు. శాంభవి గారు తీగలు ఊడాయేమోనని చూశారు. మళ్లీ చెప్పించారు. మళ్లీ పచ్చ. సంచాలకులు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి సమస్వరంలోనే తిరిగాయి.

“మనము వెదుకుచున్నది లభించినది,” అన్నారు.

ఆయన వెతుకుతున్నదేమిటో హెడ్మాస్టారు మాకు వివరించారు. మీటరంటే ఇంత అని లోకానికి చూపడానికి ఎక్కడో పరాయి దేశంలో ఒక లోహపు కడ్డీని అద్దాల పెట్టెలో దాచారట. అలాగే సమస్వరమంటే ఇది అని చూపడానికి ఒక గొంతు కావాలి. దాన్ని రాజధానిలో సంస్థ భవనంలో అద్దాల గదిలో ఉంచుతారు. చలి తగలకూడదు, ఎండ తగలకూడదు, దగ్గు రాకూడదు. చింతపండు, మిరపకాయ, ఐసు, స్నేహితులు నిషేధం. రోజూ పొద్దున్న ఆ గొంతు ‘నా పేరు హైమావతి’ అంటే రాష్ట్రంలోని యంత్రాలన్నీ దాన్నిబట్టి తమ సున్నా సరిచేసుకుంటాయి.

“ఎన్నాళ్లండీ?” అని అడగాలనుకున్నాను. అనుమతి లేదు.

హెడ్మాస్టారే చెప్పారు, “పదవీ విరమణ వయసు వరకూనమ్మా. అదృష్టవంతురాలివి.”

మర్నాడు నా సమ్మతి తీసుకోవడానికి సంచాలకులు గారు మా ఇంటికి వచ్చారు. వీధరుగు మీద నన్ను కూర్చోబెట్టి టోపీ పెట్టారు. అమ్మమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

“కుమారి హైమావతీ, రాజధానికి వచ్చుట నీకు సమ్మతమేనా?”

చెప్పాల్సిన జవాబు రాత్రంతా నోట్లో నూరుకుని ఉంచుకున్నాను. “నాకు ఇష్టం లేదండి. నేను రాను. నాకు అమ్మమ్మ దగ్గరే ఉండాలని ఉంది,” అన్నాను.

నా మట్టుకు నేను అరిచాననే అనుకున్నాను. తెర పచ్చగా ఉంది.

సంచాలకులు గారు తెరను చూసి శాంభవి గారితో చెప్పి రాయించారు, “అభ్యర్థిని మాటల యందు కొంత ప్రతికూలత కనబడినను, మెదడు యందు ఎట్టి అభ్యంతరమూ నమోదు కాలేదు. కావున సమ్మతించినట్లు పరిగణించడమైనది.”

“సార్,” అన్నారు శాంభవి గారు మెల్లగా, “మాటే ముఖ్యం, రాగం వృథా అన్నాం కదా మనం. ఆ అమ్మాయి మాటలో ‘రాను’ అని స్పష్టంగానే...”

“రాను అనువారు ఇట్లు అందురా? రాను అనుటకు ఒక తీరు ఉండును కదా!”

“ఆ తీరునే కదా సార్ మనం రద్దు చేసింది.”

“అందుచేతనే అభ్యంతరము నమోదు కాలేదు,” అన్నారు సంచాలకులు గారు సంతృప్తిగా. “పథకము విజయవంతమైనదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి?”

అమ్మమ్మ గుమ్మం వదిలి ముందుకొచ్చింది. “ఏటి బాబూ మీరు! ఆ గుంట ఏడుస్తంది. మీకు ఇనబడ్డం నేదేటి?”

నేను ఏడవడం లేదు. కళ్లు పొడిగానే ఉన్నాయి. కానీ అమ్మమ్మ చెప్పింది నిజం. నేను ‘ఊఁ’ అంటే అది ఆకలో, జ్వరమో, సుభాషిణి మీద కోపమో అమ్మమ్మకి తెలిసిపోతుంది.

సంచాలకులు గారు తెర కేసి మరొకసారి వంగి చూశారు. “నమోదు కాలేదమ్మా,” అన్నారు.

నాలుగు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. హెడ్మాస్టారు దాన్ని బడి గోడకు అంటించారు. ‘ఇందుమూలముగా సమస్త ప్రజలకూ తెలియజేయునది ఏమనగా, నేటినుండి రాష్ట్రమందలి స్వరయంత్రములన్నిటికీ కుమారి హైమావతి స్వరమే సున్న. ఆమె స్వరము ఎప్పుడు ఎట్లుండునో అప్పుడు అదియే సమస్వరము. దానికి భిన్నమైనది ఏదైనను దోషము. ఈ ఉత్తర్వు మార్పునకు అతీతము.’ ఆ చివరి వాక్యాన్ని తామే స్వయంగా రాశామని సంచాలకులు గారు అందరికీ చెప్పుకున్నారు. యంత్రాన్ని కూడా ఉత్తర్వుకు తగ్గట్టు మార్చారు. టోపీలోంచి నా గొంతు ఎలా వస్తే అదే పచ్చ అని దానికి నేర్పారు. చుట్టుపక్కల ఎవరు మాట్లాడినా దాంతో పోల్చి చూసేలా పెట్టెకు ఒక మైకు కూడా తగిలించారు.

ప్రయాణం రోజు వచ్చింది. జీపు మా వీధిలో ఆగింది. వెనక సీటుకు చుట్టూ దూది పరిచారు, నాకు కుదుపు తగలకుండా. నా మెడకు ఉన్ని గుడ్డ చుట్టి, తలకు టోపీ తొడిగి, తీగలు పెట్టెకు కలిపారు. దారిలో కూడా నేను సున్నాగానే ఉండాలి కాబట్టి.

మా ఊళ్లో ఆడపిల్ల ఊరు దాటి వెళ్తుంటే ఆడవాళ్లందరూ చుట్టూ చేరి శోకం తీయాలి. శోకమంటే ఉత్త ఏడుపు కాదు. దానికి ఎత్తుగడ ఉంటుంది, దీర్ఘం ఉంటుంది, ఒకావిడ వదిలితే ఇంకొకావిడ అందుకోవడం ఉంటుంది. అది లేకుండా పిల్ల గడప దాటితే ఆ పిల్ల ఎవరికీ అక్కర్లేదని అర్థం. మా అమ్మమ్మ శోకం తీస్తే పక్క ఊరి పెళ్లిళ్లలో కూడా ఏడ్చేవారని పేరు. అమ్మమ్మ ముందే వెళ్లి, శోకానికి నాలుగు స్వరాలూ కావాలని అడిగింది. అనుమతి వచ్చింది. ‘శోకము తీయవచ్చును. సమస్వరమున మాత్రమే.’

అమ్మమ్మ వచ్చి నా ఎదురుగా నిలబడింది. పక్కన పోలమ్మత్త, చిన్నమ్మడు పెద్దమ్మ, ఇంకా వీధిలో ఆడవాళ్లందరూ ఉన్నారు. సంచాలకులు గారు చేతి గడియారం చూసి తల ఊపారు. అమ్మమ్మ చేతులు కట్టుకుని మొదలుపెట్టింది.

“ఓలమ్మ. ఓలి నా తల్లి. ఎల్లిపోతన్నావా. నానెలాగ బతికేది. నా గుండె పగిలిపోతంది.”

రేషన్ షాపులో పేర్లు చదివినట్టుంది.

పోలమ్మత్త అందుకుంది. “అవును. నా గుండె కూడా పగిలిపోతంది.”

“నాది కూడా,” అంది చిన్నమ్మడు పెద్దమ్మ. ఆమెకు హాజరు చెప్పడం అలవాటు, వెనకటికి ఉపాధి పనిలో.

“ఓరి దేవుడా,” అంది అమ్మమ్మ. “నీకు కళ్లు నేవా. అడుగుతన్నాను. అడగటానికి అనుమతి నేదు. అందుకని సెప్తన్నాను. నీకు కళ్లు నేవు.”

“నేవు,” అన్నారు అందరూ.

“ఇప్పుడు నాను నేల మీద పడి దొర్లుతాను,” అంది అమ్మమ్మ, అదే స్వరంలో. ముందు కొంగు విదిలించి నేల శుభ్రం చేసుకుంది. జాగ్రత్తగా కూర్చుంది. తర్వాత పక్కకు ఒరిగింది. ఒకసారి దొర్లి, సంచాలకులు గారి బూట్ల దగ్గర ఆగి, “బాబూ, కొద్దిగ జరగండి. ఇంకో దొర్లుడు ఉంది,” అంది.

సంచాలకులు గారు జరిగారు.

లోపల్నుంచి ఏదో తన్నుకొచ్చింది. మొదట ఏడుపనుకున్నాను. పళ్లు బిగబట్టాను. ఉన్ని గుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాను. అమ్మమ్మ రెండో దొర్లుడు మొదలుపెట్టి, సగంలో ఆగి, పడుకునే నా కేసి చూసింది. కన్ను గీటలేదు, నవ్వలేదు. “పగిలిపోయింది,” అంది.

నేను నవ్వాను.

అలా నవ్వడం నాకు తెలియదు. అది కింద నుంచి లేచి, పైకెళ్లి, అక్కడ విరిగి, దొర్లుకుంటూ దిగి, మళ్లీ ఎగిరింది. ఐదు స్వరాలూ ఒక్క ఊపిరిలో అయిపోయాయి, ఇంకా కొన్ని థాయి వాళ్ల దగ్గర కూడా లేనివి వచ్చాయి. ఏటి అవతలి ఒడ్డుకు తగిలి తిరిగొచ్చింది. ఆ తిరిగొచ్చిన నవ్వు ఎవరిదా అని నేనే చుట్టూ చూశాను.

“దోషము! దోషము!” అని సంచాలకులు గారు పెట్టె దగ్గరికి పరిగెత్తారు. “ఎరుపు నమోదు చేయుడు!”

“పచ్చ సార్,” అన్నారు శాంభవి గారు.

“ఏమి పచ్చ?”

“ఆ అమ్మాయి గొంతు ఎట్లుంటే అదే సున్నా. ఉత్తర్వులో ఉంది. మీరు ఇప్పుడు మాట్లాడుతున్నది మాత్రం సార్...” ఆవిడ తెరను ఆయనవైపు తిప్పారు. ఆయన వైపు తిరిగిన తెర నిప్పుల కుంపటిలా ఎర్రగా ఉంది.

ఆయన గొంతు తగ్గించి, “నా పేరు చిదంబరేశ్వర్,” అన్నారు సమంగా. ఇంకా ఎర్రబడింది. పక్కనుంచి హెడ్మాస్టారు, పై అధికారికి సాయపడాలని కాబోలు, “హి హి హి,” అన్నారు. కొంచెం పచ్చబడింది.

నాకు ఆ నవ్వు ఊపు ఇంకా తగ్గలేదు. అది తగ్గితే మళ్లీ దారప్పోగే మిగులుతుందని తెలుసు. అందుకని ఆ ఊపులోనే, అమ్మమ్మ బాతుల్ని పిలిచే బాణీలో, మెడ మీది ఉన్ని గుడ్డ లాగి పారేసి అన్నాను.

“నాను రాఆఆను! రానంటే రాను! నాను మా అమ్మమ్మ కాడే ఉంతాను!”

బడిలో ఇన్నేళ్లుగా దిద్దుకున్న భాష కాదది. అమ్మమ్మ భాష.

తెర పచ్చగా ఉంది.

“నమోదైంది సార్,” అన్నారు శాంభవి గారు. “దోషం లేని స్వరంలో, స్పష్టంగా, ‘రాను’ అని. మెదడు కూడా ఒప్పుకుంది. ఉత్తర్వు ప్రకారం ఇదే ప్రామాణికం. మనం తీసుకెళ్లడమే దోషం అవుతుంది.”

సంచాలకులు గారు నోరు తెరిచారు, మూశారు. నన్ను ‘ఎందుకు రావు?’ అని అడగాలని ఉన్నట్టుంది. కానీ ప్రశ్నకు ఆరోహం కావాలి. ఇప్పుడు తెర మీద ఆయన దోషం కాబట్టి హోదా మినహాయింపు చెల్లదు. అనుమతి ఇచ్చేది రాజధానిలో ఆయన పై అధికారి. ఆయన జీపెక్కారు, అనుమతి తెచ్చుకోవడానికి.

జీపు కదల్లేదు. దారికి అడ్డంగా బాతులున్నాయి. జమ్ములోంచి ఎప్పుడు ఏరు దాటాయో, రేవెక్కి, వీధి పొడుగునా బారు కట్టి నిలబడ్డాయి, పిలిచిందెవరా అని మెడలు ఎత్తి చూస్తూ.

“హారను కొట్టుడు,” అన్నారు సంచాలకులు గారు.

“అది ఉచ్చం సార్,” అన్నాడు డ్రైవరు.

చివరికి అమ్మమ్మే లేచి, ఒంటికంటిన దుమ్ము దులుపుకుని, “దా దా దాఆఆ” అని తీసుకుంటూ బాతుల్ని దొడ్లోకి మళ్లించింది. ఎవరూ ఏమీ నమోదు చేయలేదు.

సంచాలకులు గారు ఇంకా తిరిగి రాలేదు. ఉత్తర్వు మార్పునకు అతీతం కాబట్టి అమల్లోనే ఉంది. ఆ రోజు నా నవ్వుకు సరిచేసుకున్న యంత్రాలు రాష్ట్రమంతటా అక్కడే నిలిచిపోయాయట. కార్యాలయాల్లో ఉద్యోగులందరూ సంతకం పెట్టే ముందు ప్రమాణానికి తగ్గట్టు నవ్వాలని కొత్త మెమో వచ్చింది. మా హెడ్మాస్టారు రోజూ ప్రార్థన తర్వాత నవ్వుతున్నారు. ఇంకా కుదరలేదు. కానీ క్లాసుల్లో పిల్లలు మళ్లీ ప్రశ్నలు అడుగుతుంటే, తన నవ్వు మధ్యలో వాళ్లను ఆపమని చెప్పడం ఆయనకు వీలు కావడం లేదు.

నా గొంతు మళ్లీ దారప్పోగే అయింది. పదిమందిలో ఇప్పటికీ వణుకే. నిన్న సాయంత్రం మాత్రం అమ్మమ్మ కాలు బెణికి అరుగు మీదే ఉండిపోతే రేవుకు నేనొక్కదాన్నే వెళ్లాను. అటూ ఇటూ ఎవరూ లేరని చూసుకుని, “దా దా దాఆఆ” అన్నాను.

మూడు బాతులు వచ్చాయి. మిగతావి అమ్మమ్మ కోసం ఆగాయి.